మాణిక్యమ్మ దారం

రాజులు పోయారు. గుర్రాలు పోయాయి. గుర్రాల బదులు మోటారు సైకిళ్ళొచ్చాయి. పెట్రోలు సీసాలతో కొలిచి అమ్మేవారు. అప్పటి కథ ఇది. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరకి రండి. కొట్టనివాళ్ళు గుమ్మానికి అడ్డం లేవండి, కాస్త గాలైనా వస్తుంది.

కాలవగట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో గురవాచారి అని ఒక లేతు పనివాడు. ఇంటి పంచలోనే ఇనుము తరిమే లేతు మిషను పెట్టుకున్నాడు. ఇటు పొయ్యి, అటు లేతు. అన్నంలో ఇనప రజను పడుతోందని పెళ్ళాం మధ్యలో గోనెపట్టా కట్టింది. ఆ పెళ్ళామే మాణిక్యమ్మ. నోట్లో నాలుక లేని మనిషి. పొట్టి మనిషి కూడాను. పీట ఎక్కితే గానీ ఉట్టి అందేది కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు బండెక్కితే ఒకవైపుకే కూచునేవారు. బండితో వచ్చిన ఫుట్‌రెస్టు మగాడి కాలికి పెట్టింది. ఆడవాళ్ళ కాళ్ళు గాల్లో వేలాడేవి. చెప్పు జారితే నవ్వేవారు. మనిషి జారితే, "సరిగ్గా కూచోవడం రాదు దానికి" అనేవారు. తప్పెప్పుడూ జారినదానిదే కదా!

అది చూసీ చూసీ మాణిక్యమ్మ ఒకనాడు మొగుడితో అంది.

"ఏమయ్యా, కాలు పెట్టుకోడానికి చిన్న పీటలాంటిది చెయ్యరాదూ? ఎవరి కాలికి తగ్గ ఎత్తులో వాళ్ళకి."

చేశాడు. చేతిపని మాత్రం బంగారం, నేను కాదనను. ఇనప కడ్డీని లేతు మీద తిప్పి, అరికాలు జారకుండా గరుకు గళ్ళు కొట్టి, కొసన రేగుపండంత గుండు వదిలేవాడు. కాలు పక్కకి జరిగితే ఆ గుండు ఆపేది.

కొలత మాత్రం మాణిక్యమ్మే తీసేది. పరాయి ఆడవాళ్ళ కాళ్ళు మగాడు ముట్టుకోకూడదాయె. ఎర్ర దారం పట్టుకుని నేలమీద చతికిలబడేది. సీటు దగ్గర్నుంచి అరికాలిదాకా దారం చాచి ముడి వేసేది. పీట బిగించాక తలెత్తి, "కాలు ఆనిందా అమ్మా?" అని అడిగేది. "ఆనింది" అన్నాకే లేచేది.

పేరొచ్చింది. ఎవరికి? ఇంకెవరికి, గురవాచారికి! గురవాచారి పీట, గురవాచారి పీట అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ మోగిపోయాయి. దారం పట్టిన చెయ్యి ఎవరికి గుర్తుంటుంది!

ఊళ్ళో ప్రతి ఆడదాని కాలూ మాణిక్యమ్మ కొలిచింది. మాణిక్యమ్మ కాలు కొలిచినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకి గురవాచారీ ఒక పాత బండి కొన్నాడు. మాణిక్యమ్మ వెనక కూచుంటే కాళ్ళు రెండూ గాల్లోనే. సంతకెళ్ళి వస్తే కాళ్ళు తిమ్మిరెక్కి, దిగి కాసేపు సీటు పట్టుకుని నిలబడేది. ఒక మధ్యాహ్నం బండికి స్టాండు వేసి, ఎక్కి కూచుని, తన కాలు తనే కొలుచుకుంది. దారానికి ముడేసి, లేతు పిడికి కట్టింది.

"ఏమయ్యా, ఇది నా కొలత. తీరిక చూసుకుని చెయ్యి."

"రేపు చేస్తాలే" అన్నాడు.

రేపు వచ్చింది. రేపుతోపాటు బడిపంతులి భార్య వచ్చింది. ఆవిడకి చేశాడు. దారం వేలాడుతూనే ఉంది.

వానాకాలం వెళ్ళింది. మాణిక్యమ్మ రెండోసారి అడిగింది.

"ఏమయ్యా, నా దారం నల్లబడిపోతోంది."

"రేపు చేస్తాలే" అన్నాడు.

రేపు వచ్చింది. రేపుతోపాటు మునసబు తల్లి వచ్చింది. ఆవిడకి చేశాడు. దసరాకి లేతు కడిగి పసుపు కుంకుమ పెట్టినప్పుడు, ఎదురుగా వేలాడుతున్న ఆ దారానికి కూడా ఒక బొట్టు పెట్టాడు. దణ్ణం పెట్టాడు. పీట మాత్రం చెయ్యలేదు. అదేం భక్తో నాకర్థం కాదు!

మాఘమాసం వచ్చింది. మూడోసారి అడిగింది.

"ఏమయ్యా, ఎల్లుండి మా చెల్లెలి మనవరాలి బారసాల. పెద్ద తూము దాటి వెళ్ళాలి. అక్కడ రోడ్డంతా గోతులు. సీటు మీద ఆగలేనయ్యా, నాకు భయమేస్తోంది."

ఆ మనిషి నోట భయం అన్న మాట రావడం అదే మొదలు. గురవాచారికి ఎక్కడో తగిలింది. మర్నాడు పొద్దున్నే దారం విప్పాడు, కడ్డీ ఎక్కించాడు, గళ్ళు కొట్టాడు, గుండు దిద్దాడు. మధ్యాహ్నానికి బండికి బిగించాడు. మాణిక్యమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎక్కి కూచుంది. కాలు పెట్టింది. మొగుడేమీ అడగలేదు. తనే అనుకుంది, చిన్నపిల్లలా నవ్వుతూ, "ఆనింది" అని.

ఊఁ అనండర్రా. సంతోషం అక్కడికే.

సరిగ్గా అప్పుడే రైసుమిల్లు కామందు బండి వాకిట్లో ఆగింది. అంతటివాడు ఎన్నడూ ఆ గుమ్మం తొక్కలేదు. గురవాచారి తన భుజమ్మీది తుండు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆచారీ, మా ఆవిడ పీట కావాలంటోంది. సాయంత్రం పెళ్ళికెళ్ళాలి. ఇదిగో, ఇది ఉందిగా. ఇది తీసి బిగించు."

"అది మా మాణిక్యం కొలతండీ."

"ఆడవాళ్ళ కాళ్ళకి కొలతలేంటయ్యా! పీట పీటే."

గురవాచారికి తెలియదా, ఒకరి కొలత ఒకరికి రాదని? ఊరందరికీ ఆ మాట చెప్పి చెప్పి చేసినవాడే. కానీ పెద్దమనిషి వాకిట్లో నిలబడి ఉన్నాడు. పానా తీశాడు.

"అది నా కాలిదయ్యా" అంది మాణిక్యమ్మ. అంతే అంది.

"ఇంట్లోదానివి, నీకేం తొందరే? ఎక్కడికి పోతావు? రేపు చేస్తాలే!"

పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. అది చెట్టు తప్పా? మీరే చెప్పండి.

మర్నాడు బారసాలకి బయల్దేరారు. మాణిక్యమ్మ కాళ్ళు గాల్లోనే ఉన్నాయి. "గట్టిగా పట్టుకో" అన్నాడు మొగుడు. పట్టుకుంది. చేతులతో పట్టుకుంటే సరిపోతుందా? కాలికీ ఒక ఆధారం ఉండాలి. పెద్ద తూము దగ్గర బండి గోతిలో పడి ఎగిరింది. ముందుకెళ్ళాక వెనక బరువు లేదనిపించి తిరిగి చూశాడు. మాణిక్యమ్మ తూము రాళ్ళమీద పడి ఉంది. పిలిచాడు. పలకలేదు. కొత్త జాకెట్టు గుడ్డా, పాపాయికని కొన్న వెండి మొలతాడూ చేతిసంచిలో అలాగే ఉన్నాయి.

మూడోనాడు గురవాచారి కామందు ఇంటికి నడిచివెళ్ళాడు. పీట ఇచ్చెయ్యమన్నాడు. కామందు భార్యకి పాపం ఏమీ తెలియదు.

"అదా ఆచారీ! నాకు ఎత్తయింది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆ సాయంత్రమే విప్పించేశాను. గొడ్లపాక తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినట్టున్నారు, చూసుకో."

నిజంగానే అక్కడుంది. పేడ అంటుకుని ఉంది. తీసి, పంచెతో తుడిచి, ఇంటికి తెచ్చి, తన బండికి బిగించాడు. బతికినన్నాళ్ళూ దాన్ని విప్పలేదు. వెనక సీటు ఖాళీ, పీట ఖాళీ. బండి తీసే ముందు వెనక్కి తిరిగి, "ఆనిందా మాణిక్యం?" అని అడిగేవాడట. కాసేపు ఆగేవాడట. జనం కళ్ళు తుడుచుకునేవారు, ఎంత ప్రేమో అని.

ప్రేమా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. ఆవిడ బతికుండగా ఒక్కసారి అడిగాడా? నాకు మాత్రం ఆ మనిషి మీద జాలి లేదు. ఎప్పుడైనా కాస్త కలిగినా, మాణిక్యమ్మ గుర్తొచ్చి పోతుంది.

గురవాచారి పోయాడు. లేతు తుప్పుపట్టిపోయింది. గురవాచారి పీట అన్న పేరూ పోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని మాణిక్యమ్మ పీట అన్నారు. వాళ్ళని చూసి మగాళ్ళూ అన్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్త బండి కొంటే, ముందు ఇంటి ఆడదాని కాలికి ఎర్ర దారం పట్టి కొలిచి, ఆ దారం హ్యాండిలుకి కడతారు. బయటివాళ్ళు దిష్టికి కట్టారనుకుంటారు. వెనక కూచున్నామె "ఆనింది" అనేదాకా కిక్కు కొట్టరు.

ఇంకొకటుంది. ఏ ఇంట్లోనైనా మొగుడు పెళ్ళాంతో "రేపు చేస్తాలే" అన్నాడనుకోండి. ఆ పెళ్ళాం చేస్తున్న పని ఆపి, "ఏం, మాణిక్యమ్మ దారమా ఇది?" అంటుంది.

ఆ మాట విన్న మగాడు మళ్ళీ రేపు అనడు. అంటాడు లెండి, అనకేం! కాకపోతే కాస్త తలవంచుకుని అంటాడు.