చెప్పులు కాచిన కుసుమ

అనగనగా ఒక ఊరి చివర పెద్ద ఆటల పార్కు ఉండేదట. అక్కడికి ముగ్గురు పిల్లలు వెళ్ళారు. పెద్దది హైమ, ఓణీ వేసే వయసు. నడిమిది కుసుమ, పాలపళ్ళు ఊడే వయసు. చివరివాడు బుల్లోడు, ముక్కు తుడుచుకోవడం కూడా రాని వయసు. "వాడి చెయ్యి వదలకే" అని అమ్మ హైమకి మరీ మరీ చెప్పి పంపింది.

మరి ముగ్గురికీ ఒకే ఆట ఎలా కుదురుతుంది బంగారం? జెయింట్ వీల్ దగ్గర బుల్లోణ్ణి రానివ్వలేదు. రంగులరాట్నం మీద హైమని ఎక్కనివ్వలేదు. బొమ్మరైలు ఎక్కితే బుల్లోడు ఏడ్చి, అక్క జడ లాగి, భుజానికి చీమిడి పూశాడు. హైమకి ఒళ్ళు మండింది. "పీడా! నిన్నెవరైనా ఎత్తుకుపోతే హాయిగా ఉంటుంది" అనేసింది.

ఆ తర్వాత చీకటి గుహ దగ్గరికొచ్చారు. చెప్పులు విప్పి వెళ్ళాలట. కుసుమకి చీకటంటే హడల్. "నేను చెప్పులు కాస్తానక్కా" అని బయటే కూర్చుంది.

లోపల హైమ ఒక్క క్షణం బుల్లోడి చెయ్యి వదిలింది. తెలిసే వదిలింది, పాడుపిల్ల! ఆ గుహలో పిల్లల మాటలు పొంచి వినే రాకాసి ఉంది. అది వాణ్ణి ఎత్తుకుపోయింది.

అప్పుడు హైమ తడుముకుంటే చిన్న చెయ్యి దొరికింది. పట్టుకుని బయటికొచ్చింది. ఎండ తగలగానే ఆ పిల్లాడు మట్టిబొమ్మై పగిలిపోయాడు. హైమ మళ్ళీ లోపలికి పరిగెత్తింది. కుసుమ గౌను పొట్టిదైపోవడం చూసుకోనేలేదు.

ఆ తర్వాత ఇంకో చెయ్యి దొరికింది. "అక్కా, అక్కా" అని ముద్దుగా పిలిచాడు వాడు. బయటికి తెస్తే వాడూ మట్టే. అప్పుడు చూసింది, కుసుమ ఓణీ వేసుకుని తనకంటే ఎత్తుగా ఉంది.

"నువ్వు లోపలికెళ్ళినప్పుడల్లా ఇక్కడ ఏళ్ళు గడిచిపోతున్నాయక్కా. రోజూ వచ్చి కూర్చుంటున్నా."

"అయితే ఇంక వెళ్ళొద్దా?" అని ఏడ్చింది హైమ.

కుసుమ అక్క కళ్ళు తుడిచింది. "వెళ్ళు. వాణ్ణి తీసుకురా. నేనెక్కడికీ పోను" అంది.

ఈసారి హైమ చెయ్యి పట్టుకోలేదు. దొరికినవాణ్ణల్లా చంకనెత్తుకుని చూసింది. ఒకడు బుద్ధిగా కూర్చున్నాడు, దింపేసింది. ఒకడు ముద్దుపెట్టాడు, దింపేసింది. ఒకడు జడ పట్టి లాగి, భుజానికి చీమిడి పూశాడు. "నా తండ్రే!" అని హత్తుకుని పరుగెత్తుకొచ్చింది. ఎండ తగిలినా బుల్లోడు బుల్లోడిలాగే ఉన్నాడు.

పార్కు మాత్రం లేదు. తుప్పుపట్టిన చక్రం, మోకాలెత్తు గడ్డి. గుహ ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో రెండు జతల చెప్పులు.

"ఇంతసేపా అక్కా?" అంది బోసినోటితో.

హైమ ఆమె ఒళ్ళో పడి భోరుమంది. బుల్లోడు చుట్టూ చూసి "అమ్మేదీ?" అన్నాడు. కుసుమ వంగి వాడి కాళ్ళకి చెప్పులు తొడిగింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
చెయ్యీ చెయ్యీ పట్టుకుని
ముగ్గురూ ఇంటికి.

ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు. పడుకో.