ఊడితే ఇక్కడే ఊడాలి

అనగా అనగా, గుర్రాల కాలం వెళ్ళిపోయి మోటార్ల కాలం ఇంకా పూర్తిగా రాని రోజుల్లో, కొండల నడుమ వేపగుట్ట అనే చిన్న సంస్థానం ఉండేది. కోట చిన్నది, ఖజానా ఇంకా చిన్నది, గొప్ప మాత్రం పెద్దది. ఆ గొప్పంతా ఒక ముసలి పటాలం లారీ వల్ల వచ్చింది.

దాని పేరు గజలక్ష్మి. పూర్వం యుద్ధం వచ్చినప్పుడు, శత్రువులు చుట్టుముట్టిన కనుమలోంచి సిపాయిలను మోసుకొచ్చి ఇంటికి చేర్చింది. ఆనాడు దారిలో తెగిన తీగలు కలిపి దాన్ని నడిపించినవాడు లింగాచారి అనే పనివాడు. ఇల్లు చేరిన వారానికే ఆయన గాయాలతో కన్నుమూశాడు. లారీని షెడ్డులో పెట్టారు. ఏటేటా ఆయుధపూజ నాడు, ఆయన చెయ్యి పడిన తీగల పెట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకునేవారు. పెట్టె మూత మాత్రం ఎవరూ తెరవలేదు.

ఏళ్ళు గడిచాయి. సిపాయిలు ముసలివాళ్ళయ్యారు. తిరిగిరాని తమ తోటివాళ్ళ గుర్తుగా నిలిపిన రాయి, వీరగల్లు, కొండ మీద ఉంది.

"బతికుండగా ఒక్కసారి పైకి వెళ్ళి దీపం పెట్టి రావాలి రాజా! మోకాళ్ళు సాగనివ్వడం లేదు" అని మొరపెట్టుకున్నారు.

రాజావారి మనసు కరిగింది. "దసరాకు గజలక్ష్మే మిమ్మల్ని తీసుకెళ్తుంది" అని మాటిచ్చారు. లారీని బాగుచేయమని లింగాచారి కూతురు కాళమ్మకు కబురు పెట్టారు.

కాళమ్మకు తండ్రి వదిలిపోయిన ఆస్తి ఒక్కటే, నొక్కుడు పట్కారు. తీగ కొస ఒలిచి, దానికి లగ్గు అనే చిన్న ఇత్తడి గొట్టం తొడిగి, ఆ పట్కారు నోట్లో పెట్టి నొక్కితే తీగా లగ్గూ ఒక్కటైపోతాయి. నొక్కడం పూర్తయితే 'కటిక్'మని చప్పుడొస్తుంది. చిన్నతనంలో ఆ చప్పుడు వింటూనే ఆమె నిద్రలేచేది.

చప్పుడు వచ్చినంత మాత్రాన లింగాచారి ఊరుకునేవాడు కాదు. ప్రతి లగ్గునూ పట్టుకుని గట్టిగా లాగేవాడు. "ఊడితే ఇక్కడే ఊడాలమ్మా, కొండ మీద కాదు" అనేవాడు. ఆ అలవాటు ముదిరి, బావి దగ్గర చేదతాడు లాగేవాడు, ఇంట్లో మంచం నులక లాగేవాడు. చివరికి కూతురి పెళ్ళిలో కొంగుముడిని కూడా లాగి చూశాడు! పురోహితుడు లబలబలాడాడు. పెళ్ళికొడుకు మాత్రం పకపకా నవ్వాడు.

కాళమ్మ షెడ్డు తలుపు తీసింది. లోపల పాత రబ్బరు, నూనె కలిసిన వాసన. అది అచ్చం నాన్న చొక్కా వాసన. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. సగం తీగల్ని ఎలుకలు విందుచేసుకుని పోయాయి. వాటి చోట కొత్త తీగలు వేసింది, కొత్త లగ్గులు నొక్కింది, ఒక్కొక్కటీ లాగి చూసింది. ఇక తండ్రి పెట్టె ఒక్కటే మిగిలింది.

దివానుగారు అడ్డం వచ్చారు. "దాన్ని ముట్టుకోకు తల్లీ! మీ నాన్న స్వయంగా నొక్కిన లగ్గులవి. వాటిని లాగడమంటే ఆ మహానుభావుణ్ణి శంకించినట్టే."

కాళమ్మ సరేనంది. నిజానికి ఆమెకూ దాన్ని కదిలించాలని లేదు.

దసరా ఉదయం గజలక్ష్మి గర్రుమని లేచింది. దీపాలు వెలిగాయి, హారను మోగింది, జనం ఈలలు వేశారు. ముసలి సిపాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. వాళ్ళలో హవల్దారు దస్తగిరి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న పెట్టెను చూసి ఎందుకో తల దించుకున్నాడు.

కాళమ్మ కొండదారి వైపు చూసింది. ఒకవైపు బండ, ఒకవైపు లోయ. మలుపు దగ్గర ఇంజను ఆగితే బండి వెనక్కి జారుతుంది. లోపలున్న వాళ్ళలో దూకగలిగినవాడు ఒక్కడూ లేడు. నాన్న చేసిన పనిని నమ్మాలా, నాన్న చెప్పిన మాటను నమ్మాలా?

"రాజా, ఒక్క క్షణం. పెట్టె తెరవాలి" అంది.

జనం గుసగుసలాడారు. దివానుగారి ముఖం మాడింది. రాజావారు మాత్రం "కానియ్" అన్నారు.

మూత తీయగానే ఏళ్ళనాటి కుంకుమ పొరలు పొరలుగా రాలింది. ఆమె దీపాల తీగ లాగింది. ఊడలేదు. హారను తీగ లాగింది. అదీ ఊడలేదు.

"చాలు, ఇక మూసెయ్!" అన్నారు దివానుగారు.

ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే తీగ ఇంకా మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని లాగింది. లగ్గు అక్కడే ఉండిపోయింది, తీగ ఊడి చేతిలోకి వచ్చింది.

ఇంజను ఠక్కున ఆగిపోయింది. "లింగాచారి పనితనం ఇదా!" అని ఎవరో అననే అన్నారు. కాళమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ తీగను అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"ఊడింది. మా నాన్న నొక్కిందే" అంది.

అప్పుడు దస్తగిరి మెల్లగా బండి దిగాడు.

"తప్పు ఆయనది కాదు బిడ్డా, నాది. కనుమలో మీ నాయన కుడిచేతికి తూటా తగిలినాది. ఎడమచేత్తోనే నొక్కినాడు, పట్కారు సగమే మూసుకున్నాది. 'దస్తగిరీ, ఇది ఇంటిదాకా వస్తే చాలు. చేరినాక లాగించి మళ్ళీ నొక్కించు' అని నాకు మరీమరీ చెప్పినాడు. చేరినాం. మెడలో దండలు పడినాయి. ఆయన పోయినాడు. పెట్టెకు బొట్టు పెట్టినారు. బొట్టు పెట్టినదాన్ని లాగండని చెప్పనీకి నాకు నోరు రాలేదు."

కాళమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే పట్కారు తీసింది. తీగ కొస కొత్తగా ఒలిచి, కొత్త లగ్గు తొడిగి, రెండు చేతులతో నొక్కింది. కటిక్!

"లాగండి రాజా" అంది.

రాజావారు కాళ్ళు తన్నిపెట్టి లాగారు. దివానుగారు తలపాగా జారిపోయేదాకా లాగారు. తీగ ఊడలేదు.

తీగను పెట్టెలో బిగించగానే గజలక్ష్మి మళ్ళీ గర్రుమని లేచి కొండెక్కింది. మలుపు దగ్గర పళ్ళు కటకటలాడేంతగా కుదిపింది. ముసలివాళ్ళు ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. పాత లగ్గే ఉండుంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు. ఇంజను మాత్రం ఆగలేదు.

పైన వీరగల్లు ముందు దీపాలు వెలిగాయి. కాళమ్మ రాతికి పూలదండ కట్టి, అలవాటు కొద్దీ దాన్ని ఒకసారి లాగి చూసింది. ముసలి సిపాయిలు గొల్లున నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆనాటి నుంచి వేపగుట్టలో ఆయుధపూజ నాడు ముందు ప్రతి లగ్గునూ లాగి చూస్తారు, ఆ తర్వాతే బొట్టు పెడతారు.

పెద్దల పనికి బొట్టు పెట్టడం భక్తే. కానీ దాన్ని లాగి చూసి, సడలితే బిగించడం అంతకన్నా పెద్ద భక్తి.