వెనకాల ఏమీ లేని జింక

గుండ్లవాగులో పెంచలయ్య, ఓబులేసు అని ఇద్దరు అన్నదమ్ములు. ఊరికంతా ఉన్న ఒకే ఒక్క ఫోటో స్టూడియో వాళ్ళది. తమకున్నంత బుర్ర చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ సంగతి మరిచిపోకుండా రోజూ పొద్దున్నే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

ఆ మధ్య పెంచలయ్య మరదలి పెళ్ళయింది. "అందరూ నవ్వినప్పుడే నొక్కు అల్లుడా" అన్నాడు మామ. పెళ్ళికొచ్చిన ఓ ముసలి మేనత్త రెండు రోజులూ నవ్వలేదు. ఇంకేముంది, ఆ పెళ్ళికి ఒక్క ఫోటో కూడా లేదు. పెంచలయ్య పెళ్ళాం సుంకులమ్మకు తల కొట్టేసినట్టయింది. పుట్టింట్లోనే ఉండిపోయింది.

"వాగు కాడికి సందేళ జింకలొస్తాయి గదా. మా ఇంటి గోడకు తగిలిచ్చేంత బాగా ఒగదాన్ని తీసి తీసకరా. ఆ పొద్దే నీ ఎంట వస్తా" అంది.

ఆమె లేకపోతే పెంచలయ్యకు అన్నం సయించదు. అడవిలో ఫోటోలు తీయడానికి పట్నం నుంచి వచ్చిన ఓ మాస్టారి దగ్గరకు పరుగెత్తాడు.

"జింక వెనకాల ఏమీ ఉండకూడదయ్యా. కొమ్మా రెమ్మా ఉంటే చూపు అటే పోతుంది" అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం జింక వచ్చింది. దాని వెనకాల అడవంతా ఉంది.

"అడవిని యాడికని జరుపుతాంరా?" అని పెంచలయ్య దిగులు పడ్డాడు.

"జరపడమెందుకన్నా, కప్పేద్దాం" అన్నాడు ఓబులేసు. హంసలూ ఫౌంటెనూ బొమ్మలున్న స్టూడియో పరదా పట్టుకుని జింక వెనక్కి పోయి నిలబడ్డాడు. అంతే, జింక లేదు. ఫోటోలో ఓబులేసు ఒక్కడే మసకమసకగా వచ్చాడు.

మాస్టారు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. "వెలుతురు తక్కువ. కెమెరా ఇసుమంతైనా కదలకూడదు" అన్నాడు.

మర్నాడు కెమెరాను మోకుతో మద్దిచెట్టుకు ఏడు చుట్లు చుట్టి కట్టారు. జింక వచ్చి చెట్టుకు అవతలి పక్క నిలబడింది.

"అన్నా, కెమెరా తిప్పు!"

"కదలగూడదని చెప్పలా?"

జింక గంటసేపు అక్కడే తీరిగ్గా మేసింది. పెంచలయ్య ఎదురుగా ఉన్న పుట్టకు పద్దెనిమిది ఫోటోలు తీశాడు. ఒక్కదాంట్లోనూ పుట్ట కదల్లేదు.

మాస్టారు తల పట్టుకున్నాడు. "కట్టొద్దు నాయనా. చేత్తోనే పట్టుకో. జింక నీ వైపు చూసేదాకా ఊపిరి బిగబట్టి ఉండు. చూడగానే నొక్కు."

మూడో రోజు జింక కనపడగానే పెంచలయ్య ఊపిరి బిగబట్టాడు. జింకకు తొందరేం లేదు. ఆ గడ్డి తిన్నది, ఈ గడ్డి తిన్నది. పెంచలయ్య మొహం వంకాయ రంగుకు తిరిగింది. "ఊపిరి తీసుకోన్నా!" అని ఓబులేసు గొణిగాడు. సుంకులమ్మను తలుచుకుని పెంచలయ్య ఇంకా గట్టిగా బిగించాడు. అంతే, ధబ్బున పడిపోయాడు. ఆ చప్పుడుకు జింక ఇటు తిరిగింది, పడటంలో పెంచలయ్య వేలు బటన్ మీద నొక్కుకుంది.

మాస్టారు ఆ ఫోటో చూసి లేచి నిలబడ్డాడు. "నేల మీద పడుకుని తీశావా? జింక, దాని వెనక ఉత్త ఆకాశం. ఇంకేమీ లేదు! భలే!"

"పడుకోలా సార్, మూర్ఛపోయినా" అన్నాడు పెంచలయ్య వినయంగా.

ఫోటోకు ఫ్రేము కట్టించి అత్తగారింటికి పోయారు. మామ చేనికి పోయాడు. సుంకులమ్మ జింకను చూసి, మొగుణ్ణి చూసి, "నువ్వే తీసినావా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేత్తోనే గోడకు తగిలించి, గుడ్డలు సర్దుకోవడానికి లోపలికి పోయింది. పెంచలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చూశాడు. జింక వెనకాల గోడ ఉంది. ఆ గోడ మీద ఒక బల్లి కూడా ఉంది.

"ఓబులేసూ! ఎనకాల ఏమీ ఉండగూడదు గదరా!"

మామ గడ్డపార మూలనే ఉంది. అది మట్టిగోడ. ఇంకేముంది, ఆ ధబధబలకు సుంకులమ్మ సంచితో పరుగెత్తుకొచ్చేసరికి గోడలో ఇంత కంత. ఆ కంత నడుమ దారానికి వేలాడుతూ జింక. జింక వెనకాల పక్కింటి కొట్టం, అందులో నెమరేస్తూ ఒక బర్రె.

సుంకులమ్మ కంతలోంచి అటు చూసింది. చేతిలో సంచి మెల్లగా కింద పెట్టేసింది.

ఆమె చూపు ఎటు పోయిందో పెంచలయ్య వెంటనే కనిపెట్టాడు.

"ఆమెకు బర్రె నచ్చలేదురా. పా" అన్నాడు.

అంతే, అన్నదమ్ములిద్దరూ గడ్డపార భుజానేసుకుని పక్కింటి కొట్టం వైపు నడిచారు.