ముత్యాంబ నిద్రపోయిన రాత్రి

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక కోట. ఆ కోటలో రాజుగారు, ఆయనకి ఒక్కగానొక్క కూతురు ముత్యాంబ. అయిదేళ్ళది. పిల్లంటే పిల్ల కాదర్రా, పిడుగు! పాలిస్తే పారబోసేది, పళ్ళిస్తే విసిరేసేది, పట్టుకోబోతే కరిచేది. ఏడుగురు దాదులు కట్లు కట్టుకుని పారిపోయారు. ఎనిమిదో దాదిగా పేరిందేవి వచ్చింది. కోట బురుజు మీద నగారా కొట్టే సూరప్ప ఉన్నాడే, ఆయన కోడలు.

వైద్యుడొచ్చి కషాయం పోశాడు, కషాయానికి లొంగలేదు. భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొట్టాడు, మండలకీ లొంగలేదు. దెయ్యం దిగాలంటే రేపు పొద్దున్నే వాత పెట్టాల్సిందే అన్నాడు. కన్నతండ్రి కళ్ళు తుడుచుకుని సరే అన్నాడు. ఊ కొడుతున్నారా? ఏడవకే బుజ్జీ, విను.

పేరిందేవి మూడు రాత్రులుగా చూస్తోంది. పిల్లకి కన్ను మూతపడుతుంది, పైన నగారా ఢమ్మంటుంది, పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. మళ్ళీ కన్ను మూత, మళ్ళీ ఢమ్ము, మళ్ళీ ఉలికిపాటు. గడియకోసారి, తెల్లవార్లూ! రాజుగారు యుద్ధం గెలిచొచ్చి ఆ నగారా పెట్టించి రెండేళ్ళు. పిల్లకి దెయ్యం పట్టిందంటున్నదీ ఆ రెండేళ్ళ నించే.

గబగబా బురుజెక్కింది.

“మామయ్యా, ఈ రాత్రికి కొట్టకండి.”

“తల తీస్తారే, అమ్మా!”

“తెల్లారితే పసిదాని ఒంటిమీద వాత పెడతారు మామయ్యా. దానికి ఉన్నది దెయ్యం కాదు, లేనిది నిద్ర.”

సూరప్ప నగారా కర్ర కింద పెట్టి, దానిమీద కూర్చున్నాడు.

గడియ దాటింది. ఢమ్ము లేదు. ఎంత నిశ్శబ్దమనుకున్నారు! ఏటినీళ్ళు గులకరాళ్ళ మీద దొర్లే చప్పుడు కోటలోకి వచ్చింది. కాపలావాళ్ళు ఈటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు, దేవుడెవరో నడిచి వెళ్తున్నట్టు.

నగారా ఆగిందంటే శత్రువులొచ్చారనుకుని రాజుగారు కత్తి దూసి కూతురి గదికి పరిగెత్తుకొచ్చారు. పేరిందేవి ఒళ్ళో పిల్ల తల. రాజొచ్చినా దాది లేవలేదు పాపం. వేలు పెదాల మీద పెట్టుకుంది. ఎవరికి చెప్తోంది? రాజుకి, చప్పుడు చెయ్యొద్దని!

ఆయన చూశారు. బిడ్డ గుప్పిళ్ళు విప్పుకుని, నోరు కాస్త తెరుచుకుని పడుకుంది. రెండేళ్ళయింది ఆ మొహం అలా చూసి. కత్తి మెల్లిగా గుమ్మం బయట పెట్టి, కటికనేల మీద కూలబడి, తెల్లవారేదాకా చూస్తూనే ఉన్నారు.

బారెడు పొద్దెక్కాక ముత్యాంబ లేచింది. పాలు గటగటా తాగింది. పేరిందేవి చేతిమీద పంటిగాట్లు చూసి, “అయ్యో, నిన్నెవరు కరిచారు?” అని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. రాజుగారు గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చారు.

పెంకితనం ఒక్కనాటితో పోలేదులెండి, నెలపట్టింది. వాత పెట్టేవాణ్ణి పంపేశారు. నగారా పగలే మోగింది, సూరప్ప జీతం తగ్గలేదు, ఆయనా రాత్రుళ్ళు హాయిగా పడుకున్నాడు.

అందుకే నేనంటాను, పిల్ల పేచీ పెడితే చెయ్యెత్తకముందు అడగాలి, రాత్రి కంటినిండా నిద్రపోయిందా అని.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.