చావు ముందు చెప్పిన గవరయ్య

అనగనగా, సినిమా బొమ్మలకు ఇంకా నోరు రాని కాలం. తెర మీద మనుషులు నవ్వేవాళ్లు, ఏడ్చేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. ఒక్క ముక్క వినపడేది కాదు. అందుకని ప్రతి డేరాలోనూ తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. అలా చెప్పేవాళ్లలో ఒకడు గవరయ్య.

అతను పనిచేసే డేరాలో ఒకటే బొమ్మ. దానికి మూడు రీళ్లు. మొదటి రీలులో తల్లి బిడ్డను ఉయ్యాల ఊపుతుంది. రెండో రీలులో ఆ బిడ్డ పెద్దవాడై పెళ్లి చేసుకుంటాడు. మూడో రీలులో పాము కరిచి చచ్చిపోతాడు. జనం కళ్లు తుడుచుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. ఎంత బాగా ఏడిస్తే బొమ్మ అంత బాగున్నట్టు. ఎందుకని నన్నడక్కండి.

ఒకసారి ఓ ఊరికి పోతుంటే బండి ఏట్లో ఒరిగింది. రీళ్ల డబ్బాల మీద అంటించిన కాగితాలు తడిసి ఊడిపోయాయి. ఏది ముందో ఏది వెనకో మిషను తిప్పేవాడికి తెలీలేదు. చేతికి అందింది అందినట్టు ఎక్కించాడు.

ముందు చావు వచ్చింది. గవరయ్య తెల్లబోయాడు. నోరు మూసుకుంటే కొలువు పోతుంది గనక, "పాము కరిచిందమ్మా, చచ్చిపోయాడమ్మా" అన్నాడు. తర్వాత ఆ చచ్చినవాడే పెళ్లిపీటల మీద కూర్చున్నాడు.

"సచ్చినోడికి పెల్లేటి?" అని ఎవరో అడిగారు.

గవరయ్య గొంతు పెంచాడు. "చావు అయిపోయిందమ్మా, ఇంక దాని భయం లేదు. ఇప్పుడు బతుకు చూడండి" అనేశాడు. అంతలో ఉయ్యాల వచ్చింది. "అదిగో, తల్లి ఊపుతోంది. బిడ్డ నిద్రపోతున్నాడు. లేపకండి, మెల్లగా వెళ్లండి" అన్నాడు.

జనానికి ఏమీ అర్థం కాలేదు. ఏడవాలో నవ్వాలో తెలీక, చప్పుడు చెయ్యకుండా వెళ్లారు.

ఆ జనంలో సన్యాసమ్మ ఉంది. ఆ ఏడే ఆమె ఒక్కగానొక్క కొడుకు కలరాకు పోయాడు. అప్పట్నుంచి కళ్లు మూసినా తెరిచినా ఆమెకు పాడె ఒక్కటే కనపడేది. కొడుకు మొహం తలుచుకుందామంటే గుర్తొచ్చేది కాదు. ఆ పూట మాత్రం ఇంటికి పోయి కంచంలో అన్నం పెట్టుకుంది. తింటుంటే వాడి చిన్నప్పటి మొహం కనపడింది.

రెండోరోజు మళ్లీ వచ్చింది. ఈలోగా మిషనువాడు రీళ్లు సరిచేసేశాడు. ఉయ్యాల ముందొచ్చింది, పెళ్లి తర్వాత వచ్చింది, చావు చివరొచ్చింది. సన్యాసమ్మ కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయింది. కొడుకు మొహం మళ్లీ పోయింది.

మూడోరోజు పొద్దున్నే గవరయ్య దగ్గరికి వెళ్లింది.

"నాయినా, మొన్నటిది నిజం. నిన్నటిది తప్పు. మొన్నటి లాగే సెప్పు."

"మొన్నటిదే తప్పు అప్పా." పెద్దామెను ఆ వైపు అలాగే పిలుస్తారు. "బండి ఒరిగి రీళ్లు కలిసిపోయాయి."

"బండి ఒరిగితే నాకేటి? నా గుంటడు ఉయ్యాల్లో ఉన్నాడా నేదా, అది సెప్పు."

గవరయ్య రోజంతా తల పట్టుకు కూర్చున్నాడు. "మళ్లీ తలకిందులుగా వేస్తే నీకిక్కడ చోటు లేదు" అన్నాడు డేరా యజమాని. దీపాలు పెట్టే వేళకు గవరయ్య లేచి, తన చేత్తోనే చావు రీలు తీసి ముందు పెట్టాడు.

కొలువు పోయింది. పోక ఉంటుందా!

ఇక బొమ్మ లేదు, తెర లేదు. కానీ సన్యాసమ్మకు కొడుకు మొహం కనపడిన సంగతి పాకి, ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా గవరయ్యను పిలిచేవాళ్లు. పదోరోజున వాకిట్లో నిలబడి ఆ పోయినవాళ్ల కథ చెప్పేవాడు. ముందు చావు, తర్వాత బతుకు, చివర ఉయ్యాల. "నిద్రపోతున్నారు, మెల్లగా వెళ్లండి" అనేవాడు. ఇది ఓదార్పో పిచ్చో తేల్చుకోలేక పురోహితులు కూడా ఊరుకున్నారు.

కొన్నేళ్లకు దగ్గుతో గవరయ్యే పోయాడు. పదోరోజున జనం పోగయ్యారు. ఎవరు చెప్పాలో తెలీక తలో ముక్కా చెప్పారు. దగ్గు చెప్పారు. కొలువు పోవడం చెప్పారు. డేరా చెప్పారు. అంతకు ముందు? అక్కడ ఆగిపోయారు. అతనిది ఏ ఊరో, ఎవరు కన్నారో ఒక్కరికీ తెలీదు. ఉయ్యాల దాకా చెప్పకపోతే మనిషి పాడె మీదే ఉండిపోతాడు.

సన్యాసమ్మ లేచి నిలబడింది.

"నాను ఊపినాను" అంది.

"నీకు ఒక్కడే గదా అప్పా?" అన్నారెవరో.

"ఇద్దరు. ఒకడి సావు ముందొచ్చింది, ఇంకోడిది ఎనకొచ్చింది. సన్యాసమ్మ ఊపిందని సెప్పండి."

అది నిజమో అబద్ధమో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా చెబుతున్నాను, నాకూ అర్థం కాలేదు. జనం మాత్రం ఆమె చెప్పమన్నట్టే చెప్పారు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో పదోరోజున చావు ముందు చెబుతారు, ఉయ్యాల చివర చెబుతారు. తల్లెవరో తెలియని మనిషి పోతే, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన శవమైనా సరే, "సన్యాసమ్మ ఊపింది" అంటారు. అని, చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా ఇళ్లకు పోతారు.