ఒకటి కొడితే పది

తంగెడుపాలెం పర్యావరణ సంఘం వాళ్ళంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరు. ఈ మాట అన్నది సంఘం వాళ్ళే. అధ్యక్షుడు కోటిలింగానికైతే అందులో రవ్వంత అనుమానం కూడా లేదు. సిమెంటు కంపెనీకీ ఊరికీ మధ్య కానుగ తోపు ఇంకా నిలబడి ఉందంటే అది తన బుర్ర చలవే గదా! ఆ తోపు దుమ్మును ఆపబట్టే అతని భార్య సూరమ్మ దగ్గుకుంటూనో మూలుక్కుంటూనో బతుకుతోంది.

ఒకరోజు కంపెనీ సామాజిక బాధ్యత ఆఫీసరు ప్రణీత్ వచ్చాడు. అందరికీ ఆకుపచ్చ కండువాలు కప్పాడు.

"లారీల రోడ్డు కోసం ఒకే ఒక్క చెట్టు తీస్తాం. బాధపడకండి. ఒకటి కొడితే పది నాటడం మా పద్ధతి. పచ్చదనమే మా ఊపిరి!"

అతను అటు వెళ్ళగానే కోటిలింగం తమ్ముణ్ణి పిలిచాడు. "ఒరే పోలయ్యా, ఒకటి కొడితే పది. మరి తోపంతా కొడితే?"

"అడివే అన్నా!"

"మరి ఇన్నాళ్ళూ కాపాడి ఎంత అడివిని పోగొట్టుకున్నాంరా! చెట్లకు మనకంటే శత్రువులున్నారా?"

అంతే. గొడ్డళ్ళు లేచాయి. "చెట్లను రక్షిద్దాం!" అని గొంతులు చించుకుంటూ వరసగా నరికేశారు.

సూరమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, ఆ తోపు పోతే నాకు ఊపిరాడుతుందా?"

"పిచ్చిదానా, పదింతల తోపుకి పదింతల ఊపిరి!"

ప్రణీత్ వచ్చి చూసి నోరు తెరిచాడు. రోడ్డు ఎంత వెడల్పు వేసుకోవచ్చో తట్టగానే మూసుకున్నాడు. "మీలాంటి భాగస్వాములు దొరకడం మా అదృష్టం," అని సంఘానికి ఓ జ్ఞాపిక ఇచ్చాడు. తలా ఒక మొక్క చేతికిచ్చి, "కదలకండి, ఫొటో!" అన్నాడు. ఫొటో తీయించుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

కదలమని ఎవరూ చెప్పలేదు. ఇంకేముంది, సంఘమంతా ఎండలో అలాగే నిలబడింది. మొక్కలన్నీ చేతుల్లోనే వాడిపోయాయి.

మర్నాటి నుంచి దుమ్ము ఇళ్ళలోకి దిగింది. గంజిలో దుమ్ము, దుప్పట్లో దుమ్ము. సూరమ్మ మంచం దిగలేకపోయింది. కోటిలింగం ప్రణీత్‌కు ఫోన్ చేశాడు.

"సార్, దుమ్ము!"

"పరిమితిలోనే ఉందండీ. ఇప్పుడు మా దృష్టంతా నీటి మీద. మా తవ్వకాల వల్ల మీ ఊళ్ళో ఒక్క బావి పూడినా సరే, పది బావులిస్తాం!"

కోటిలింగం కళ్ళు మెరిశాయి. మంచం మీంచి సూరమ్మ దగ్గుతూ చెయ్యి చాపింది. "కాసిని మంచినీళ్ళియ్యవయ్యా..."

"ఉండవే! ఒక్క చెంబుతో ఏమవుతుంది?" అని పార భుజానేసుకున్నాడు. "నీటిని రక్షిద్దాం!" అంటూ సంఘం వెనకే నడిచింది.

పొద్దుగూకే వేళకు ఊరబావి మట్టితో అంచుదాకా నిండింది. కోటిలింగం ఖాళీ చెంబు పట్టుకుని, పది బావులూ ఒకే లారీలో వస్తాయో, రెండు లారీల్లో వస్తాయోనని రోడ్డు కేసి చూస్తూ కూర్చున్నాడు.