రెండు పేపర్ల ఇంటివాళ్ళ ధర్నా

పక్కింటివాళ్ళ గురించి చెప్పకూడదు గానీ, చెప్పకపోతే నాకు అన్నం అరగదు. మా గుర్రపువలసలో రెండు పేపర్లు వేయించుకునే ఇల్లు వాళ్ళదొక్కటే. ఒకటి సర్కారుని రోజూ తిట్టే ‘రణఘోష’, రెండోది రోజూ మెచ్చుకునే ‘శాంతివాణి’. ముగ్గురన్నదమ్ములూ అరుగు మీద రెండూ పక్కపక్కన పరుచుకుని చదువుతారు.

“ఊరోళ్ళు కళ్ళతో చూసింది నమ్ముతారు, ఎర్రిమొకాలు! మనం అచ్చులో పడ్డది నమ్ముతాం. కళ్ళకేం తెలుసు?” అంటాడు పెద్దోడు దాలినాయుడు. నడిపోడు గవరయ్య, చిన్నోడు తవిటినాయుడు తలలూపుతారు.

ఆ తవిటినాయుడికి సంబంధం కుదిరింది. పిల్ల బంగారం. ఇంతలో మా ఊరొచ్చే ఒక్కగానొక్క బస్సు ఆపేశారు. పిల్ల తండ్రి సింహాద్రి కబురంపాడు: “బస్సు లేని ఊరికి పిల్లనివ్వను. వారం రోజులు చూస్తాను. బస్సు వేస్తే అందులోనే తాంబూలాలు పట్టుకొస్తాను. లేదంటే వేరే సంబంధం చూసుకుంటాను.”

తవిటినాయుడు అన్నం మానేశాడు. వాణ్ణి చూస్తే నాకూ ఏడుపొచ్చింది. ఇంకేముంది, ఊళ్ళోవాళ్ళం నలభైమందిమి వెళ్ళి కూడలిలో ధర్నాకి కూర్చున్నాం. కాపలాకొచ్చిన పోలీసాయన మా మజ్జిగే తాగి, చెట్టు కింద కునుకు తీసి, సాయంత్రం మాతోపాటే లేచాడు. జరిగిందంతే.

మర్నాడు పేపర్లొచ్చాయి. ‘రణఘోష’లో “కదం తొక్కిన వేలాది జనం” అనుంది. దాలినాయుడు గుండెలు బాదుకున్నాడు.

“మనం నలభైమందిమే తిరిగొచ్చాం! మిగతా వేలమందినీ రోడ్డు మీదే మర్చిపోయొచ్చాం రా! పాపం, నిన్నట్నుంచీ తిండి లేదు వాళ్ళకి!”

అంతే. రెండు గుండిగల ఉప్మా వండి బండి మీద కూడలికి తోలుకెళ్ళారు. “రండి బాబూ, సిగ్గుపడకండి” అని గొంతు పోయేదాకా పిలిచారు. చివరికి మేకలొచ్చి తినేసి పోయాయి.

ఇంటికొచ్చి ‘శాంతివాణి’ తీశారు. “జనం లేక వెలవెలబోయిన ధర్నా, పదిమంది కూడా రాలేదు” అనుంది. పైన ఫొటో, అందులో తొమ్మిది తలకాయలు.

“ఇందాక వేలమందన్నారు కదర్రా?” అన్నాను నేను.

“వేలమంది వచ్చారు పిన్నీ. అందులో తొమ్మిదిమందే వచ్చారు,” అన్నాడు దాలినాయుడు. నాకు తల తిరిగింది.

ఆ తొమ్మిదిమందిలో దాలినాయుడున్నాడు, తవిటినాయుడున్నాడు, గవరయ్య లేడు.

“నీ పక్కనే కూర్చున్నాను కదన్నా! నా కాలు తొక్కావు కూడాను!”

“అచ్చులో లేవురా.”

గవరయ్య పెళ్ళాం రాములమ్మ కొంగు బిగించింది. “ధర్నాకని చెప్పి ఎక్కడికెళ్ళావు? నిజం చెప్పు!”

“నాకూ అదే తెలీట్లేదే!” అని గవరయ్య భోరుమన్నాడు. రెండు రోజులపాటు ఇల్లిల్లూ తిరిగి, “నిన్నగాక మొన్న నేనెక్కడికెళ్ళానో మీకేమైనా తెలుసా?” అని అడిగొచ్చాడు.

ఇది చాలదన్నట్టు టీవీ పెట్టారు. “కూడలిలో విరిగిన లాఠీలు, పలువురికి గాయాలు” అని ఎర్రక్షరాలు పరిగెడుతున్నాయి. ముగ్గురూ చొక్కాలు విప్పి వెతుక్కున్నారు. ఒక్క గీరు కూడా లేదు.

“లోపలి దెబ్బలురా! అవే ప్రమాదం!” అన్నాడు దాలినాయుడు. ఇంకేముంది, ఒళ్ళంతా పసుపు పట్టించుకుని, తలలకి గుడ్డలు చుట్టుకుని, అమ్మో నాయనో అంటూ మంచాలెక్కారు. నేనే జావ కాచి పోశాను. ఏం చేస్తాను, పక్కింటిదాన్ని!

ఆ పోలీసాయన మాత్రం మంచోడు. మజ్జిగ మర్చిపోకుండా డిపోకెళ్ళి మా గోడు చెప్పాడు. ఏడో రోజు పొద్దున్న బస్సు పంపుతామని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ సంగతి ఇంకా పేపర్లకి చేరలేదు. ఏడో రోజు ‘రణఘోష’లో “గుర్రపువలసకు బస్సు లేదు, జనం కంటతడి” అనుంది. ‘శాంతివాణి’లో “గుర్రపువలసకు బస్సు లేదు, అయినా జనం హాయి” అనుంది.

దాలినాయుడు రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాడు. “రెండూ ఒకే మాట! మన ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. బస్సు లేదు!”

తవిటినాయుడు ఏడుస్తూ పోయి రోడ్డుకి అడ్డంగా పడుకున్నాడు. అన్నలిద్దరూ పక్కన పడుకున్నారు. “బస్సు కావాలి! బస్సు కావాలి!” అని అరుస్తుండగానే బస్సొచ్చి వాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. కిటికీలోంచి సింహాద్రి తాంబూలం పళ్ళెం ఊపాడు.

“అల్లుడూ, లెగు! వచ్చేశాను!”

“ఎలా వచ్చావు మామా?”

“బస్సులోరా!”

“బస్సు లేదు మామా. ఉంటే నేనెందుకేడుస్తాను? బస్సు వేశాక రా.”

“ఒరే, ఎదురుగా ఉంది చూడండర్రా!” అని నేను నెత్తి కొట్టుకున్నాను.

“మీ ఇంటికి పేపరు రాదు, నువ్వూరుకో పిన్నీ” అన్నాడు గవరయ్య.

డ్రైవరు అరగంట హారను కొట్టి కొట్టి, విసుగొచ్చి బస్సు వెనక్కి తిప్పుకుపోయాడు. పళ్ళెంతో సహా సింహాద్రి కూడా పోయాడు.

మర్నాడు రెండు పేపర్లలోనూ పడింది: “వచ్చిన బస్సును తిప్పి పంపిన దాలినాయుడి ఇంటివారు, చెడిపోయిన పెళ్ళి.”

తవిటినాయుడు ఉగ్రుడైపోయాడు. “నా పెళ్ళి చెడగొడతారా! ఆ ఇంటోళ్ళని వదిలేది లేదన్నా!”

అంతే. పేపర్లో వేసిన ఇంటి ఫొటో చేత్తో పట్టుకుని, వీధంతా గాలించి, సరిగ్గా ఆ ఇల్లే పట్టుకున్నారు. రాములమ్మతో సహా నలుగురూ ఆ గుమ్మం ముందే ధర్నాకి కూర్చున్నారు. “బయటికి రండి! సమాధానం చెప్పండి!” అని ఒకటే అరుపులు.

ఇవాళ్టికి మూడో రోజు. పొద్దున్న జావ పట్టుకెళితే దాలినాయుడు నా చెవిలో అన్నాడు: “ఎంత మొండోళ్ళో చూశావా పిన్నీ! మూడు రోజులుగా పొయ్యి కూడా వెలిగించలేదు గానీ, ఒక్కడంటే ఒక్కడు బయటికి రాడే!”